వీడర్‌కి కొత్త ఇంజన్: ఏది నమ్మకంగా ఉంటుంది?

ప్రశ్న: వీడర్ (కలుపు తీసే యంత్రం) గేర్‌బాక్స్ బాగానే ఉంది, ఇంజన్ పోయింది. 5 హెచ్‌పీ దరిదాపుల్లో హోండా జీఎక్స్160 పెట్టాలా, అదే నమూనాలో వచ్చే చౌక ఇంజన్ చాలా?

జవాబు: ముందు పాత ఇంజన్ షాఫ్ట్ (పుల్లీ ఎక్కే ఇరుసు) మందాన్ని కాలిపర్‌తో కొలవండి. ఈ సైజులో 19.05 మి.మీ., 20 మి.మీ. రెండూ దొరుకుతాయి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, అయినా పుల్లీ ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే క్రాంక్ బేరింగ్‌కి దెబ్బ.

జవాబు: దుమ్ములో పనంటే సిలిండర్‌లో ఇనప స్లీవ్ (లోపలి గొట్టం) ఉన్నదే తీసుకోండి. జీఎక్స్160లో ఉంటుంది. చౌకవాటిలోనూ చాలావాటికి ఉంటుంది గానీ కార్బురేటర్, గాస్కెట్ల నాణ్యత మీద భరోసా లేదు. ఏ ఇంజనైనా ఎయిర్ ఫిల్టర్ సరిగా కూర్చోకపోతే రింగులు అరిగి, నూనె తాగడం మొదలెడుతుంది.

ప్రశ్న అడిగినవారు: షాఫ్ట్ 20 వచ్చిందండీ. ఆయిల్ సంగతి?

జవాబు: అయితే 20 షాఫ్ట్ ఇంజనే అడగండి. కొత్త ఇంజన్ సాధారణంగా నూనె లేకుండానే వస్తుంది. జీఎక్స్160కి 10డబ్ల్యూ-30 గ్రేడు నూనె, సుమారు 0.6 లీటరు. మొదట 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు మార్చాలి. నూనె తగ్గితే ఇంజన్‌ని ఆపే ఆయిల్ సెన్సర్ ఉంటే వాలు మీద కూడా ఆగిపోవచ్చు. అలా ఆగితే స్పార్క్ ప్లగ్గు విప్పే ముందు నూనె మట్టం చూడండి. నెలకు మించి పక్కన పెడితే పెట్రోల్ కాక్ కట్టేసి, అదే ఆగేదాకా నడపండి. లేకుంటే కార్బురేటర్ జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో) జిగురు పడుతుంది.