‘పాపం చిన్నపిల్ల చేసింది’: ఇందులో కామా ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం మీద పెద్ద గొడవే అయింది. అందులో సగం స్కేటింగ్ గురించి, సగం మన తెలుగు గురించి. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

విషయం కమీలా వలియేవాది. రష్యా ఫిగర్ స్కేటర్. డోపింగ్ కేసులో పడిన నాలుగేళ్ల నిషేధం 2025 డిసెంబరు 25తో ముగిసింది. దాంతో బీజింగ్ ఒలింపిక్స్ నాటి వీడియోలు మళ్లీ తిరగడం మొదలైంది. విజయవాడలో ఉండే మా పిన్ని కూతురు ఒక వీడియో పెట్టి కింద ఇలా రాసింది: ‘పాపం చిన్నపిల్ల చేసింది.’ గుంటూరులో ఉండే మా బాబాయి కొడుకు వెంటనే అందుకున్నాడు: ‘అవును, పాపమే చేసింది. నాలుగేళ్లు చాలవు.’ ‘నేనన్నది అది కాదురా, పాపం అన్నాను’ అని ఇది. ‘నేనూ పాపం అనే అంటున్నా’ అని వాడు. అర్ధరాత్రి దాకా ఇదే.

మనకు పాపాలు రెండున్నాయి. ఒకటి పుణ్యానికి ఎదురు నిలిచేది. దానికి విభక్తులు చేరతాయి: పాపాన్ని, పాపానికి, పాపంతో. బహువచనమూ ఉంది. రెండోది జాలి మాట. దానికి విభక్తి అంటదు, బహువచనం లేదు. ‘పాపం ఆ పిల్ల పడిపోయింది’, ‘ఆ పిల్ల పాపం పడిపోయింది’, ‘ఆ పిల్ల పడిపోయింది పాపం’... ఎక్కడ పెట్టినా ఇముడుతుంది, తీసేసినా వాక్యం నిలబడుతుంది. మా చెల్లి వాక్యంలో చిక్కంతా ‘చేసింది’ దగ్గర ఉంది. ఆ క్రియకు కర్మ కావాలి, దగ్గర్లో ‘పాపం’ తప్ప ఇంకో మాట లేదు. నోటితో చెప్పి ఉంటే గొడవే లేదు. జాలిపడేటప్పుడు ‘పాపం’ అని కాస్త సాగదీసి ఆగుతాం. ఫోన్‌లో ఆ సాగదీత రాదు, కామా పెట్టే ఓపిక ఎవరికీ లేదు.

నిజానికి ఈ కేసు మీద అభిమానులు చేసుకున్న వాదనంతా ఈ రెండు పాపాల మధ్యే నడిచింది. తెలియనివాళ్ల కోసం సంగతి చెబుతాను. 2021 డిసెంబరు 25న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యా జాతీయ పోటీల సమయంలో ఆమె శాంపిల్ తీశారు. స్టాక్‌హోమ్ ల్యాబ్ నుంచి ఫలితం వచ్చేసరికి 2022 ఫిబ్రవరి 8. నెలన్నర. అంతకు ముందురోజే ఒలింపిక్స్ టీమ్ పోటీ అయిపోయింది. రష్యా జట్టుకు మొదటి స్థానం, అందులో ఈ పిల్ల వాటా పెద్దది. ఒలింపిక్స్‌లో క్వాడ్, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంప్, చేసిన మొదటి మహిళ ఆమే. అప్పటికి వయసు 15. శాంపిల్‌లో దొరికింది ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు, క్రీడల్లో నిషేధం ఉన్నది. పతకాల ప్రదానం ఆపేశారు. ఫిబ్రవరి 14న క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు, అదే కాస్, ఆమెను వ్యక్తిగత పోటీలో ఆడనిచ్చింది. ఆమె మొదటి మూడు స్థానాల్లో ఉంటే పతకాలే ఇవ్వబోమని ఒలింపిక్ కమిటీ అంది.

ఫిబ్రవరి 17, వ్యక్తిగత పోటీ చివరి ఘట్టం. మొదటి క్వాడ్ చక్కగా దిగింది. ఆ తర్వాత ఒక్కో జంప్‌కీ కాలు తడబడటం, చేయి మంచుకు ఆనడం, రెండుసార్లు పడిపోవడం. సంగీతం ఆగాక చేయి విసురుగా ఒకసారి ఊపి, మొహం కప్పేసుకుంది. రింక్ గోడ దగ్గరికి వస్తే కోచ్ ఎతెరి తుత్‌బెరీద్జె అడిగిన మొదటి మాట ‘ఎందుకు వదిలేశావు? ఎందుకు పోరాడటం మానేశావు?’ అని. కెమెరాలు అన్నీ పట్టేశాయి. ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాఖ్ కూడా అది చూసి ఒళ్లు జలదరించిందన్నారు. తొలి దశ అయిన షార్ట్ ప్రోగ్రామ్‌లో మొదట ఉన్న పిల్ల నాలుగో స్థానానికి పడిపోయింది.

ఆ మధ్యాహ్నం వరకూ ‘దొంగ’ అన్నవాళ్లే సాయంత్రానికి ‘అయ్యో పాపం’ అనడం మా గ్రూపులోనే చూశాను. నన్ను బాధపెట్టింది అదే. పడితే జాలి, పడకుండా నిలబడి ఉంటే తిట్లా? ఆమె ఒంట్లో మందు ఉందా లేదా అన్నది పడటంతో తేలేది కాదు కదా.

ఇంకో ముక్క. 2024 జనవరి 29న కాస్ తుది తీర్పు ఇచ్చింది: నాలుగేళ్ల నిషేధం, ఆమె ఫలితాల రద్దు. దాన్ని ‘కావాలనే మందు వాడిందని కోర్టు తేల్చింది’ అని మనవాళ్లు చాలామంది చెప్పుకున్నారు. కోర్టు అలా అనలేదు. కావాలని చేయలేదని ఆమె నిరూపించుకోలేకపోయింది అంది. మన భాషలో ‘నిరూపించడం’ వేరు, ‘నిరూపించుకోవడం’ వేరు. ఆ ‘కొను’ ఒక్కటీ భారాన్ని ఎవరి నెత్తిన పెడుతుందో చూడండి. డోపింగ్ నిబంధనల్లోనూ ఒంట్లో మందు దొరికాక ఆ భారం ఆటగాళ్లదే. తీర్పు గురించి రాసేవాళ్లు ఆ ‘కొను’ను మింగేయకూడదని నా మనవి.

నా మాట ఇది: రెండు పాపాలూ ఒకే పిల్ల విషయంలో నిజం కావచ్చు. ఒకటి అంటే రెండోది అనకూడదని ఎక్కడా లేదు. మీరేమంటారు?

గుంటూరు కొత్తపేట నుంచి:
అక్కా, మాది మందుల షాపు. ఈ మందు మాకు రోజూ పోయేదే. ఎక్కువగా 35 మిల్లీగ్రాముల మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గుండెకు రక్తం చాలక ఛాతీలో నొప్పి వచ్చే పెద్దవాళ్లకు రాస్తారు. గుండె కొవ్వును కాల్చుకోవడం తగ్గించి గ్లూకోజును వాడుకునేలా చేస్తుంది. అందుకని తక్కువ ఆక్సిజన్‌తో పని జరుగుతుంది. 2014 నుంచి నిషేధిత జాబితాలో ఉంది. చైనా ఈతగాడు సున్ యాంగ్ కూడా 2014లో దీనికే దొరికి మూడు నెలలు ఆగాడు. చీటీ పట్టుకుని వచ్చేవాళ్లలో 15 ఏళ్ల పిల్లను నేనెప్పుడూ చూడలేదు. ఆమె తరఫువాళ్లు అది తాతగారి మాత్ర అన్నారుగా?

అవునండీ. మొదట తాతగారి గ్లాసులో నీళ్లు తాగి ఉండొచ్చన్నారు. తర్వాత కాస్ ముందు, ఆయన చేసిచ్చిన స్ట్రాబెరీ తీపి వంటకం ద్వారా వచ్చిందన్నారు. కోర్టు దాన్ని నమ్మలేదు.

సత్యనారాయణపురం నుంచి:
అమ్మాయీ, మంచి చర్చ ఎత్తావు. సంస్కృతంలో పాపం అంటే పాపమే, జాలి లేదు. హిందీవాళ్లూ ‘పాప్’ అని జాలిపడరు. దక్షిణాదికి వచ్చేసరికి కథ మారింది. కన్నడంలో ‘పాప’ అన్నా, తమిళంలో ‘పావమ్’ అన్నా జాలి పలుకుతుంది. మలయాళంలో ఇంకో అడుగు వేశారు, అమాయకుణ్ణే ‘పావం’ అంటారు. నాకు తోచేది ఇది: ‘ఏ జన్మ పాపమో ఇలా అనుభవిస్తున్నాడు’ అనే ఆలోచన కురచైపోయి, చివరికి ఒక్క మాటగా మిగిలి ఉంటుంది. ఖాయమని చెప్పను. మా అమ్మ ‘అయ్యో అంటే ఆరు నెలల పాపం వస్తుంది’ అనేది. ఊరికే జాలిపడితే వాళ్ల పాపంలో మనకూ వాటా అని. రెండు అర్థాలూ ఆ సామెతలో పక్కపక్కనే కూర్చున్నాయి.

మాస్టారూ, ఈ సామెత విన్నాక మా చెల్లి వాక్యం మరీ అంత విడ్డూరం కాదనిపిస్తోంది. మీ ఊహ నాకు నచ్చింది. తిట్టే మాటకూ ఓదార్చే మాటకూ మూలం ఒకటే అయితే, ఎదుటివాడి కష్టానికి కారణం వెతకడం మనకు పాత అలవాటన్నమాట.

పటమట నుంచి:
అక్కా, నేను మీ తమ్ముడి పక్షం. పాపం పాపం అంటూ పోతే రూల్స్ దేనికి? కొరియా స్కేటర్ కిమ్ యునా ఏమందో గుర్తు తెచ్చుకోండి. 2010 వాంకూవర్ గోల్డ్ ఆమెది. కాస్ ఆడనిచ్చిన రోజే ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లటి బొమ్మ ఒకటి పెట్టి, డోపింగ్ తప్పు చేసినవాళ్లు పోటీలో ఉండకూడదు, దీనికి మినహాయింపు లేదు, అందరి శ్రమా అందరి కలలూ సమానంగా విలువైనవే అంది. దాని మీద కూడా కొందరు ఫ్యాన్స్ పడి ఏడ్చారు. నాకైతే ఆమె మాటే రైటు.

తమ్ముడూ, ఫలితాలు కొట్టేయడంలో నాకూ నీకూ తేడా లేదు. ఆడనివ్వకుండా ఉండాల్సిందనే నేనూ అంటాను. పోటీకి దూరంగా ఉంచి ఉంటే ఆ పిల్లకూ మేలే జరిగేది. అంత టెన్షన్‌లో, ప్రపంచమంతా చూస్తుండగా పదిహేనేళ్ల పిల్లను మంచు మీదికి నెట్టినట్టయింది.

అయితే జాలి మొత్తం ఒక్కచోటే ఖర్చయిపోయిందని నా బాధ. అమెరికా స్కేటర్ విన్సెంట్ జౌ టీమ్ పోటీలో ఆడాక కోవిడ్ పాజిటివ్ వచ్చి వ్యక్తిగత పోటీకి దిగలేకపోయాడు. చేతిలో పతకం లేకుండానే ఇంటికి వెళ్లాడు. వలియేవా ఫలితాలు కొట్టేశాక అమెరికాకు దక్కిన టీమ్ బంగారం, జపాన్‌కు దక్కిన వెండి ఇచ్చింది 2024 ఆగస్టు 7న, పారిస్‌లో, ఎండాకాలం ఒలింపిక్స్ మధ్యన. రెండున్నరేళ్లు! కెనడా సంగతి ఇంకా అన్యాయం. వలియేవా పాయింట్లు తీసేశాక రష్యాకు 54, కెనడాకు 53. ఆమెను జాబితాలోంచి తీసేస్తే ఆమె కింద ఉన్న స్కేటర్లందరికీ ఒక్కో పాయింటు పెరగాలి కదా అని కెనడా వాదించింది. ఐస్ స్కేటింగ్ సమాఖ్య పెంచలేదు, అప్పీలు కూడా నిలబడలేదు. రష్యాకే కంచు దక్కింది. కెనడా పిల్లల కోసం ‘పాపం’ అన్నవాళ్లు మన తెలుగు వ్యాఖ్యల్లో నాకు ఒక్కరూ కనపడలేదు. వాళ్లు ఏడుస్తున్న వీడియో ఏదీ లేదు కాబట్టి.

బ్రాడీపేట నుంచి:
ఇంత మాట్లాడుకుని ‘పాపాల భైరవుడు’ అనే మాట మర్చిపోయారేంటి? అందరి పాపం తెచ్చి ఒకడి మీద వేస్తే వాణ్ణి మనం అనేది అదే కదా. ఆ పిల్ల అచ్చంగా పాపాల భైరవుడే. ‘భైరవి’ అంటే బాగుండదులెండి, మనవాళ్లు ఆడవాళ్లకీ భైరవుడనే వాడతారు.

ఈ మాట బాగా తగిలింది. పూర్తిగా ఒప్పుకోను కానీ సగం ఒప్పుకుంటాను. పాపాల భైరవుడు అంటే తను చేయనిది మోసేవాడు. ఇక్కడ మందు ఆమె ఒంట్లోనే దొరికింది, దాన్ని కాదనలేం. కానీ శిక్ష వరకూ చూస్తే మీ మాటే నిజం. కాస్ తీర్పులో నిషేధం ఒక్క స్కేటర్‌కే. 16 ఏళ్లలోపు పిల్లలు దొరికితే చుట్టూ ఉన్న పెద్దల మీద విచారణ జరగాలని డోపింగ్ కోడ్‌లోనే ఉంది. పదిహేనేళ్ల పిల్ల ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎంత బరువుండాలో తనే నిర్ణయించుకోదు. తూర్పు జర్మనీ నుంచి 1984లో, 1988లో ఒలింపిక్ బంగారం గెలిచిన స్కేటర్ కటరీనా విట్ కూడా అప్పుడు వేలు చూపింది పెద్దవాళ్ల వైపే. నా కోపమూ అటే. ‘కంచే చేను మేస్తే’ అని మనకో మాట ఉంది. కోచ్‌లకూ డాక్టర్లకూ ఆ మాటే వాడాలి, పిల్లకు ‘దొంగ’ అనే మాట కాదు.

లబ్బీపేట నుంచి:
ఒక చిన్న అనుమానం. పాప, పాపం ఒకటేనా? మా అబ్బాయి అడిగాడు.

కాదండీ. పాప మన సొంత మాట. పసిపిల్ల అని, కంటిలోని పాప అని రెండు రకాలుగా వాడతాం. తమిళంలోనూ ‘పాప్పా’ ఉంది. పాపం సంస్కృతం నుంచి వచ్చింది. చూడటానికి ఒకేలా ఉన్నా చుట్టరికం లేదు. బాబుకు ఒక కిటుకు చెప్పండి: ‘పాపను’ అంటే పిల్ల, ‘పాపాన్ని’ అంటే తప్పు, ఏ విభక్తీ చేరకపోతే జాలి.

పటమట నుంచి:
అక్కా చివరిగా ఒకటి. ఆ తర్వాత రూల్స్ ఏమన్నా మారాయా?

ఒకటి మారింది. సీనియర్ పోటీల్లో దిగే కనీస వయసును 15 నుంచి 17కు పెంచుతూ స్కేటింగ్ సమాఖ్య 2022 జూన్‌లో నిర్ణయించింది. 2023–24లో 16, ఆ మరుసటి సీజన్ నుంచి 17. ఇప్పుడైతే 15 ఏళ్ల పిల్ల ఒలింపిక్స్‌కే రాదు. పెద్దల జవాబుదారీ గురించి అంత గట్టి నిర్ణయం ఏదీ నాకు కనపడలేదు.