బడ్జీల గూడు పెట్టె నేనే చేయించాలనుకుంటున్నా, అడుగు ఎలా ఉండాలి?

బాల్కనీ జత, కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే. మా బాల్కనీలో ఒక జత బడ్జీలు (పంజరంలో పెంచుకునే చిన్న చిలుకలు) ఉన్నాయి, ఏడాదిన్నర అవుతోంది. ముక్కు మీది భాగం ఆడదానికి గోధుమరంగులోకి, మగదానికి ముదురు నీలంలోకి తిరిగింది, రెండూ ఒకదాని నోట్లో ఒకటి గింజలు పెట్టుకుంటున్నాయి కాబట్టి ఈడుకొచ్చాయని ఒక షాపులో రెడీమేడ్ గూడు పెట్టె కొని కట్టాను. ఆరంగుళాల చదరం, తొమ్మిదంగుళాల ఎత్తు, పైన మేకులు కొట్టేసిన మూత. ఐదు గుడ్లు పెట్టింది, నాలుగు పిల్లలయ్యాయి.

సమస్య ఏంటంటే పెట్టె అడుగు నున్నటి ప్లైవుడ్. నేను వేసిన పొట్టంతా తల్లి రెండు రోజుల్లో బయటికి తోసేసింది. తర్వాత గుడ్లు మూలలకు దొర్లుతూ ఉండేవి, ఒక గుడ్డు ఎప్పుడూ ఒంటరిగా మూలనే ఉండేది, పొదగనిది అదే. ఆరో రోజు ఒక పిల్ల నలిగి చనిపోయింది. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద పిల్లకు 13 రోజులు, దాని కాళ్లు రెండూ పక్కలకు చాచుకుపోయాయి, కప్పలా బోర్లా పడుకుని ఉంటోంది, లేవలేకపోతోంది. కన్నంలోంచి మొబైల్ టార్చ్ వేసి చూడటం తప్ప నాకు ఇంకో దారి లేదు, అది చూసినప్పుడల్లా కడుపులో తిప్పినట్టు అవుతోంది.

మా వీధిలో ఒక కార్పెంటర్ ఉన్నాడు, కొలతలు చెబితే చేసిస్తానన్నాడు. ఎత్తుగా ఉండాలా, పొడవుగా ఉండాలా? ఏ చెక్క వాడాలి? ఆ పిల్లకు ఇప్పుడు ఏం చేయాలి? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

రందా పొట్టు, నాచారం:
ముందు పిల్ల సంగతి, పెట్టె సంగతి తర్వాత. 13 రోజులంటే ఎముక ఇంకా మెత్తగానే ఉంటుంది, ఆలస్యం చేయకుండా రేపే పక్షులను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కాళ్లు రెండూ ఒంటి కిందికి మామూలుగా నిలబడే దూరంలో ఉండేలా మైక్రోపోర్ టేపును (డాక్టర్లు వాడే పల్చటి కాగితపు టేపు) 8 అంకెలా చుడతారు, లేదంటే మధ్యలో చిన్న స్పాంజి ముక్క పెడతారు. వేళ్లు ఉబ్బినా రంగు మారినా టేపు బిగుతైందని అర్థం, వెంటనే వదులు చేయాలి. పిల్ల పెరిగే వేగానికి మూడు నాలుగు రోజులకోసారి మార్చాల్సి ఉంటుంది. మా దగ్గర ఒక పిల్లకు పదకొండో రోజు కట్టిస్తే కుదిరింది, ఇంకోదాన్ని ఇరవై రోజులు దాటాక చూసుకున్నాను, అది జీవితాంతం కుంటుతూనే ఉంది. అందుకే రేపే అంటున్నాను.

ఇంటికొచ్చాక ఆ మూత మేకులు పీకేయండి. తల్లి గింజలు తినడానికి బయటికొచ్చినప్పుడు త్వరగా పని కానివ్వండి. పెట్టె మార్చకండి, పిల్లలున్నప్పుడు పెట్టె మారిస్తే కొన్ని తల్లులు లోపలికి వెళ్లవు. అదే పెట్టెలో అడుగున గుంట ఉన్న చెక్క ఒకటి దించి, దాని మీద రందా పొట్టు వేస్తే చాలు. రందా పొట్టు అంటే చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వచ్చేది, రంపం కింద రాలే సన్నపు పిండి కాదు. ఆ పిండి పిల్లల ముక్కుల్లోకి, కళ్లలోకి పోతుంది.

ఇక పెట్టె. నేను పదేళ్లు ఎత్తు పెట్టెలే వాడాను, ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఎత్తు పెట్టెలో కన్నం పైన ఉంటుంది, తల్లి లోపలికి వచ్చినప్పుడల్లా ఎగిరి గుడ్ల మీదే దూకుతుంది. పొడవు పెట్టెలో కన్నం ఒక చివర, గుంట ఇంకో చివర ఉంటాయి కాబట్టి నడుచుకుంటూ వెళ్లి కూర్చుంటుంది. లోపలి కొలత పొడవు 10, వెడల్పు 6, ఎత్తు 6 అంగుళాలు. 12 ఎంఎం చెక్క వాడితే కార్పెంటర్‌కు ఇలా చెప్పండి: నిలువు పక్కలు రెండు 11 × 7, చివరి ముక్కలు రెండు 6 × 7, కింద 11 × 7 ఒకటి, మూత 12 × 8 ఒకటి. అంతా కలిపి మూడు చదరపు అడుగుల్లోపే. లోపల అడుగున 10 × 6 కొలతతో అంగుళం మందం దిమ్మె ఒకటి విడిగా, మేకులు లేకుండా దింపాలి, కడగడానికి బయటికి రావాలి కాబట్టి కొలత కొంచెం లూజుగా ఉండనివ్వండి.

ఆ దిమ్మెలోనే ఉంది అసలు పనంతా. కన్నానికి దూరంగా ఉన్న చివర నాలుగున్నర అంగుళాల వెడల్పున గుంట తొలవాలి, మధ్యలో ముప్పావు అంగుళం లోతు, అంచుల దగ్గర నిట్టనిలువుగా కాకుండా పళ్లెంలా పోవాలి. ఉలితో తొలిచే ఓపిక లేకపోతే రెండు 12 ఎంఎం ముక్కలు తీసుకుని, పై ముక్కలో గుండ్రంగా కోసేసి, ఆ అంచును ఇసుక కాగితంతో బాగా వాలుగా రుద్ది, కింది ముక్కకు అతికించండి, లోతు మాత్రం అరంగుళమే వస్తుంది. దానికి బాగా నునుపు మాత్రం పెట్టించవద్దు, పిల్ల గోరుకు పట్టు దొరకాలి. కాళ్లు చాచుకుపోయేది ఎక్కువగా నున్నటి చదును వల్లే. గుంటలో అయితే పిల్లలన్నీ మధ్యకు జారి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, కాళ్లు వాటంతట అవే కిందికి మడుచుకుంటాయి. తల్లి పొట్టు తోసేసినా గుంట ఎక్కడికీ పోదు, మీ దగ్గర లేనిది అదే.

చేయించాక ఒక గోళీ వేసి చూడండి. ఎక్కడ వదిలినా నెమ్మదిగా మధ్యకు వచ్చి ఆగాలి. దూకుతూ వచ్చిందంటే వాలు ఎక్కువైంది, రానేలేదంటే తక్కువైంది.

కాకటీల్ ఇల్లు, సైనిక్‌పురి:
పై అన్న చెప్పిన గుంట విషయం నూటికి నూరు శాతం నిజం. నేను కాకటీల్స్ (బడ్జీల కంటే పెద్ద చిలుక జాతి) పెంచుతాను, వాటికి పెట్టె 12 అంగుళాల చదరం, కన్నం 3 అంగుళాలు కావాలి, బడ్జీలకైతే అంగుళంన్నర నుంచి 2 చాలు. కన్నం పెద్దదైతే వెలుగు ఎక్కువ పడుతుంది, ఆడది కుదురుగా కూర్చోదు.

తలుపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మూత తెరిస్తే పైనుంచి చెయ్యి వస్తుంది, పక్షికి పైనుంచి వచ్చేదంటే గద్దే. వెనక పక్కన తలుపు పెట్టించండి, మీవైపు తెరుచుకునేలా. తలుపు కింద రెండంగుళాలు మాత్రం చెక్క అలాగే ఉంచాలి, లేకపోతే తెరవగానే పిల్లలు ఒళ్లో పడతాయి. పెట్టెను పంజరం లోపల కాకుండా బయట కట్టండి. మెష్‌లో కన్నానికి సరిపడా కోసి, పెట్టెను దానికి ఆనించి తీగతో బిగిస్తే లోపల పక్షులకు చోటు మిగులుతుంది, మీరు పంజరం తలుపు తెరవకుండానే పిల్లలను చూడొచ్చు. రోజుకోసారి ఒకే వేళకు తెరిస్తే అలవాటు పడతాయి. గుడ్డు పెట్టిన ఐదారు రోజులకు చీకట్లో టార్చ్ ముందు పెడితే ఎర్రటి నరాలు కనిపిస్తాయి, అంటే ప్రాణం ఉన్నట్టు. పిల్లలకు పది రోజులు దాటాక వారానికోసారైనా పొట్టు మార్చాలి, గోళ్ల మీద రెట్ట గట్టిపడి ఉందేమో కూడా చూడాలి, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీయండి, లాగితే గోరు ఊడి వస్తుంది.

ఇంకోటి, బాల్కనీ ఏ దిక్కు? మాది పడమర. రెండేళ్ల క్రితం ఏప్రిల్ చివర్లో గుడ్లు పెడుతుంటే సంతోషపడి పెట్టె తీయలేదు. ఒక్క పిల్లా రాలేదు. తర్వాత ఊరికే లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే మధ్యాహ్నం మూడింటికి 41 చూపించింది. గుడ్డుకు కావాల్సింది 37, 38 మధ్య, తల్లి వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు కదా. ఆ గుడ్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంత తేలిగ్గా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి మార్చి రాగానే పెట్టెలన్నీ తీసేస్తున్నాను.

పాతబస్తీ మట్కీ:
అన్నా, ఇంత చెక్కపని ఎందుకు? మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో బడ్జీలకు కుండలే. పక్కన కన్నం, పైన మూత ఉన్న చిన్న కుండలు పక్షుల బజారులో అమ్ముతారు. అడుగు పుట్టుకతోనే గుండ్రం, గుంట తొలవాల్సిన పనే లేదు. మట్టి కాబట్టి ఎండాకాలంలో చెక్క కంటే చల్లగా ఉంటుంది. పిల్లలు ఎగిరిపోయాక మరిగే నీళ్లు పోసి ఎండలో పెడితే పురుగులన్నీ పోతాయి. చెక్క సందుల్లో దూరే ఎర్ర పురుగులు రాత్రిపూట బయటికొచ్చి పిల్లల రక్తం తాగుతాయి, కుండలో వాటికి దాక్కునే సందులు తక్కువ. కన్నం అంచు గరుకుగా ఉంటే ఆకురాయితో రుద్దండి, గట్టిగా రెండు చోట్ల కట్టండి, ఊగకూడదు.

రందా పొట్టు, నాచారం:
కుండ మంచిదే, ఒప్పుకుంటాను, అడుగు విషయంలో చెక్క పెట్టె కుండను చూసి నేర్చుకోవాల్సిందే. కానీ ఆడ బడ్జీకి కొరకడం కావాలి. ఆస్ట్రేలియాలో అవి చెట్ల తొర్రల్లో పెడతాయి, తొర్రను కొరికి సరిచేసుకోవడం వాటి స్వభావం, చెక్క ఉంటే ఆ పనిలో పడుతుంది. పైగా ఐదారు పిల్లలు 25 రోజులు దాటాయంటే చిన్న కుండలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. గుడ్లు రోజు విడిచి రోజు పెడుతుంది కదా, ఐదు గుడ్లంటే మొదటి పిల్లకూ చివరి పిల్లకూ ఎనిమిది రోజుల తేడా ఉంటుంది, నలిగేది ఎక్కువగా చివరిదే. పెద్ద కుండ దొరికితే మీ మాటే నిజం.

చెక్క అడిగారు కదా. మామిడి చెక్క చౌక, కొరికినా ప్రమాదం లేదు. ప్లైవుడ్ అయితే కోయించాక కనీసం వారం ఎండలో పెట్టి జిగురు వాసన పోయాక వాడండి. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే పలక) వద్దు. లోపల రంగు, వార్నిష్, సన్‌మైకా, చెదల మందు ఏదీ వద్దు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చాలామంది వాడతారు, కానీ దాని మీద ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడొచ్చు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, ఎంత ఊరికే వస్తున్నా ముట్టుకోవద్దు. మేకుల బదులు స్క్రూలు వేయించండి, మొనలు లోపలికి రాకూడదు. కప్పు కింద రెండు పక్కలా 6 ఎంఎం గాలి కన్నాలు మూడేసి. కన్నం కింద లోపలివైపు రంపంతో అడ్డంగా నాలుగైదు గాట్లు పెట్టించండి, పిల్లలు బయటికి ఎక్కి రావడానికి అదే నిచ్చెన.

కొత్త సభ్యుడు:
ఇదే పెట్టె కొంచెం పెద్దగా చేయిస్తే రామచిలుకలకు పనికొస్తుందా? మా చుట్టాల ఇంట్లో జత ఉంది.

కాకటీల్ ఇల్లు, సైనిక్‌పురి:
లేదు తమ్ముడూ. రామచిలుక మన అడవి పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెంచడమే నేరం, పిల్లలు తీయించడం మాట అటుంచు. మునియాలూ అంతే. మీ చుట్టాలకు చెప్పి అటవీ శాఖ వాళ్లకు అప్పగించమనండి. వాటిని మీ అంతట మీరే వదిలేయకండి, పంజరంలో పెరిగినవి బయట తిండి వెతుక్కోలేవు.

బాల్కనీ జత, కూకట్‌పల్లి:
అందరికీ చాలా థ్యాంక్స్. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను, టేపు కట్టారు. ఈరోజుకు ఎనిమిది రోజులు. కుడికాలు పూర్తిగా ఒంటి కిందికి వచ్చింది, ఎడమది ఇంకా కొంచెం బయటికే పోతోంది గానీ నిన్న సాయంత్రం గుంట అంచు పట్టుకుని రెండు కాళ్ల మీదా లేచి నిలబడింది. మా అమ్మను పిలిచి చూపించాను, ఇద్దరం చాలాసేపు అక్కడే ఉండిపోయాం.

కార్పెంటర్ మామిడి చెక్కతో కొత్త పెట్టె చేశాడు. వెనక తలుపు, కింద రెండంగుళాల అడ్డు, గాట్లు, అన్నీ చెప్పినట్టే. గోళీ వేస్తే మొదట ఒక పక్క ఆగిపోయింది, అక్కడ ఇంకాస్త రుద్దించాను, ఇప్పుడు ఎక్కడినుంచైనా మధ్యకు వస్తోంది. మా బాల్కనీ తూర్పు, పదకొండు దాటితే ఎండ ఉండదు. దీన్ని ఎప్పుడు కట్టమంటారు? ఇంకో జత కూడా తేవాలని ఉంది, అప్పుడు రెండు పెట్టెలు చాలా?

రందా పొట్టు, నాచారం:
నిలబడిందన్న మాట చదివి ప్రాణం లేచి వచ్చిందండీ. టేపు ఇంకో వారం ఉంచమంటారేమో డాక్టర్‌ను అడగండి.

పిల్లలు 35 రోజులకు బయటికొస్తాయి, ఆ తర్వాత కూడా పది రోజులు తండ్రే తినిపిస్తుంది. వాటిని వేరు చేశాక పాత పెట్టె తీసేసి, నెల రోజులు ఏ పెట్టీ కట్టకండి. గుడ్లు పెట్టడం మొదలైనప్పటినుంచి పిల్లలు బయటికి వచ్చేదాకా రెండు నెలలు పడుతుంది, కాబట్టి ఏడాదికి రెండు ఈతలకు మించవద్దు, మన ఊళ్లో అవి వానలు తగ్గినప్పటినుంచి ఫిబ్రవరిలోపు అయిపోవాలి. పెట్టె లేకపోతే చాలావరకు గుడ్లు ఆగిపోతాయి. ఈలోపు ఆడదానికి సముద్రపు నురుగు (పక్షుల షాపుల్లో దొరికే కటిల్‌ఫిష్ ఎముక), ఉడికించి పొడి చేసిన గుడ్డు పెంకు పెట్టండి, కాల్షియం తగ్గితే తర్వాతి సారి గుడ్డు లోపలే అడ్డం పడొచ్చు.

రెండు జతలకు మూడు పెట్టెలు, మూడూ ఒకే ఎత్తులో, ఒకే రకం. ఒకటి పైన ఒకటి కింద కడితే ఆడవి రెండూ పైదాని కోసమే రక్తాలు వచ్చేలా కొట్టుకుంటాయి. కార్పెంటర్ అక్కడే ఉన్నాడు కదా, మిగతా రెండూ అదే కొలతతో ఇప్పుడే కోయించేయండి.