సాయంత్రం బర్త్‌డేకి మధ్యాహ్నం పిలుపు: మీరైతే వెళ్తారా?

మియాపూర్ అమ్మ:
నిన్న మూడున్నరకి పై ఫ్లాట్ ఆవిడ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "ఈరోజు మా బాబు బర్త్‌డే, ఆరున్నరకి పాపని తీసుకుని రండి" అని. మా పాపకి నాలుగేళ్లు. పొద్దున లిఫ్ట్‌లో నీలం బెలూన్లు చూసినప్పటి నుంచి "మనమెప్పుడు వెళ్తాం?" అంటూ నా చున్నీ వదల్లేదు. కింద షాపులో స్కెచ్ పెన్నులు కొని, ఇంట్లో ఉన్న పాత రంగు కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. తీరా చూస్తే మిగతావాళ్లకి వారం కిందటే కార్డు వెళ్లిందట! పాప హాయిగా ఆడుకుంది. నాకే ముద్ద దిగలేదు.

బెజవాడ అక్క:
నేనైతే వెళ్లను. మా వైపు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. ఫోన్లో పిలిస్తేనే మా అమ్మ నొచ్చుకునేది.

ఇద్దరు పిల్లల తల్లి:
అక్కా, అవతలి వైపు కూడా చూడాలి. మావాడి మూడో పుట్టినరోజుకి ముందు రెండు రోజులు జ్వరం. అసలు చేస్తామో లేదో తెలియక ఎవరినీ పిలవలేదు. ఆ రోజు పొద్దున ఒళ్లు చల్లబడ్డాక పది ఇళ్లకు ఫోన్ చేశాను. "ఇప్పుడా చెప్పేది?" అని ఒకావిడ పెట్టేసింది. ఇంకొకావిడ పాపకి ఇస్త్రీ లేని ఫ్రాకే వేసి తీసుకొచ్చింది. ఆమెని ఎప్పటికీ మరిచిపోను.

డల్లాస్ నాన్న:
ఇక్కడ చాలా ఆటల సెంటర్లలో ఇంతమంది పిల్లలని లెక్క చెప్పి ముందే డబ్బు కట్టాలి. వస్తామన్నవాళ్లు చివర్లో మానేస్తే ఆ ఖాళీలో మనల్ని పిలుస్తారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. కానీ వస్తామో రామో టైముకి చెప్పని అలవాటు మనలోనూ ఉంది కదా. అందుకే ఇప్పుడు ఏ పిలుపుకైనా ఆ రోజే జవాబిస్తున్నాను.

కూకట్‌పల్లి అమ్మమ్మ:
బీరువాలో రెండు బొమ్మల పుస్తకాలు, రూపాయి బిళ్ల అంటించిన కవర్లు నాలుగు పెట్టుకో తల్లీ, హడావుడి ఉండదు. ఆరున్నర అన్నారంటే కేక్ కోసేసరికి ఎనిమిదవుతుంది. పిల్లకి ఇంత పెరుగన్నం పెట్టి తీసుకెళ్లు.

మియాపూర్ అమ్మ:
అందరికీ థాంక్స్. ఇందాక ఆవిడ లిఫ్ట్‌లో కనిపించింది. బాబు ఆ స్కెచ్ పెన్నులు పక్కలో పెట్టుకుని పడుకున్నాడట. కార్డు సంగతి నేను అడగలేదు. ఇంకా మనసులో ఉంది.