మూడేళ్లలో మూసేసే మెయిన్‌ఫ్రేమ్‌కు డీబీ2 అప్‌గ్రేడ్ ఎందుకు?

పచ్చతెర:
హైదరాబాదులో కూర్చుని ఒక అమెరికా బీమా సంస్థ డేటాబేసులు చూసే బృందం మాది. మెయిన్‌ఫ్రేమ్ అనే ఐబీఎం పెద్ద కంప్యూటర్‌లో, దాని ఆపరేటింగ్ సిస్టమ్ జడ్/ఓఎస్ మీద, ఐబీఎం డేటాబేస్ డీబీ2 12వ వెర్షన్ నడుస్తోంది. 2025 డిసెంబరు 31తో దానికి ఐబీఎం మామూలు మద్దతు ముగుస్తుంది. 13కు వెళ్దామని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "2028 చివరికల్లా అంతా క్లౌడ్‌కు పోతుంది. కూల్చబోయే ఇంటికి సున్నం ఎందుకు?" ఇప్పుడు 2025 అక్టోబరు, గడువు మూడు నెలలు కూడా లేదు. ఇప్పుడేమో అదనంగా డబ్బు కట్టి పొడిగింపు మద్దతు తీసుకుందామంటున్నారు. నాకు నచ్చడం లేదు. అయితే నేను డేటాబేసులు చూసుకునే డీబీఏను కాబట్టి నాకు అప్‌గ్రేడే ముద్దుగా కనిపిస్తోందేమో కూడా తెలియదు. మీరేమంటారు?

క్లౌడ్‌వైపు:
మీ మేనేజర్ల మాటే సబబు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, మనుషుల సంగతి చూడండి. ఆ డేటా లోతుపాతులు తెలిసినవాళ్లు మీ దగ్గర ఎందరు? ఐదుగురా, ఆరుగురా? వాళ్లను ఆరు నెలలు అప్‌గ్రేడ్‌లో కట్టిపడేస్తే క్లౌడ్ పని ఎవరు చేస్తారు? ఇంతా చేసి 13లో మీకు ఒరిగేది ఏమిటి? అందులో వచ్చిన ఏఐ సదుపాయం, ఎస్‌క్యూఎల్ డేటా ఇన్‌సైట్స్, మీ సంస్థ వాడుతుందా? వాడదు.

పైగా అప్‌గ్రేడ్ అంటే పెళ్లి భోజనం కాదు. 2012 జూన్‌లో బ్రిటన్‌లో ఆర్‌బీఎస్ బ్యాంకు గ్రూపు, రాత్రి పనులను వరుసగా నడిపే బ్యాచ్ షెడ్యూలర్‌ను అప్‌గ్రేడ్ చేయబోయి బోర్లాపడింది. 65 లక్షల మంది ఖాతాదారులకు ఇబ్బంది. జీతాలు పడలేదు, బ్యాలెన్సులు తప్పు చూపించాయి. రెండేళ్ల తర్వాత 5.6 కోట్ల పౌండ్ల జరిమానా. నడుస్తున్నదాన్ని నడవనివ్వండి.

పాతకాపు:
క్లౌడ్‌వైపు గారూ, ఆర్‌బీఎస్ కథ సగమే చెప్పారు. కొత్త వెర్షన్ పెట్టాక తేడాలు కనిపిస్తే కంగారుపడి దాన్ని తీసేసి పాతదాన్ని తిరిగి పెట్టారు. అలా తీసేస్తే ఏమవుతుందో ముందుగా ఒక్కసారైనా పరీక్షించలేదు. కొంప ముంచింది వెనక్కి రావడం. అందులోంచి నేర్చుకోవలసింది అప్‌గ్రేడ్ మానుకోమని కాదు కదా.

మీరు వెళ్లమంటున్న దారిలో బ్రిటన్ బ్యాంకు టీఎస్‌బీ కూడా ఉంది. 2018 ఏప్రిల్‌లో 52 లక్షల మంది ఖాతాదారుల డేటాను పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి ఒకే వారాంతంలో మార్చారు. 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. ఇక్కడ ఎవరి చేతికీ మట్టి అంటకుండా లేదు.

"మూడేళ్లలో" అన్న మాటకు నేను ఎప్పుడో చెవులు మూసుకున్నాను. చివరి మెయిన్‌ఫ్రేమ్ ప్లగ్గు 1996 మార్చి 15న పీకేస్తారని అమెరికా కంప్యూటర్ పత్రికా సంపాదకుడు స్టివార్ట్ ఆల్సాప్ 1991లోనే జోస్యం చెప్పాడు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడనుకోండి. నేను 1998లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ భాష కోబాల్ నేర్చుకుని వై2కె (2000 సంవత్సరపు తేదీల గొడవ సరిచేసే) పనిలో చేరాను. అప్పుడు మా టీమ్ లీడరు "తమ్ముడూ, ఇది రెండేళ్ల పని, ఈలోగా జావా నేర్చుకో" అన్నారు. జావా నేర్చుకున్నాను కూడా. మెయిన్‌ఫ్రేమ్ మాత్రం నన్ను వదల్లేదు.

ఆదివారం_డ్యూటీ:
"ఆరు నెలలు" అన్న లెక్క కొంచెం పాతది. వెర్షన్ మార్చడానికి ఒకప్పటిలా కన్వర్షన్ మోడ్, ఎనేబులింగ్ మోడ్, న్యూ ఫంక్షన్ మోడ్ అన్న తతంగం డీబీ2 12తోనే పోయింది. ఇప్పుడు ఫంక్షన్ లెవెల్ అనే మెట్లు ఎక్కుతూ పోవడమే, 13లో తొలి మెట్టు ఫంక్షన్ లెవెల్ 100. అక్కడ క్యాటలాగ్ (డీబీ2 తన వివరాలు తాను రాసుకునే పట్టికలు) నిర్మాణం మారదు, నచ్చకపోతే 12కు తిరిగి రావచ్చు. డేటా షేరింగ్ (ఒకే డేటాను పంచుకునే డీబీ2ల గ్రూపు) ఉంటే అందులోని మెంబర్లను ఒక్కొక్కటిగా ఆపి మార్చుకోవచ్చు, గ్రూపు నడుస్తూనే ఉంటుంది. లెవెల్ 500 యాక్టివేట్ చేశారా, అక్కడితో వెనక దారి మూసుకుంటుంది.

అసలు బరువు అంతా 13కు ముందే ఉంది. 12లో లెవెల్ 510 యాక్టివేట్ చేయనిదే 13 గడప తొక్కనివ్వదు. గత 18 నెలల్లో వాడిన ప్యాకేజీలన్నీ (ప్రోగ్రాములోని ఎస్‌క్యూఎల్‌కు డీబీ2 ముందే తయారుచేసి పెట్టుకున్న రూపాలు) డీబీ2 11లో గానీ ఆ తర్వాత గానీ రీబైండ్ అయి, అంటే మళ్లీ తయారై, ఉంటేనే 510 ఒప్పుకుంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ప్యాకేజీలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో ముందు అది చూడండి.

రీబైండ్_బాధితుడు:
రీబైండ్ అన్న మాట అంత తేలిగ్గా అనకండి. నాలుగేళ్ల కిందట మేం 11 నుంచి 12కు వెళ్లాం. అక్కడ శనివారం రాత్రి, మనకు ఆదివారం పొద్దున. సాఫీగా లేచింది, ఫోనులోనే అందరూ చప్పట్లు కొట్టారు. సోమవారం రాత్రి బ్యాచ్‌లో 40 నిమిషాల్లో అయ్యే ప్రీమియం జాబు మూడు గంటలైనా తెమలలేదు. డేటాను ఏ దారిలో చదువుతోందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి ప్లాన్ టేబుల్ చూస్తే, యాక్సెస్ టైప్ కాలమ్‌లో "ఐ" ఉండాల్సిన చోట "ఆర్" ఉంది. ఇండెక్స్ వదిలేసి, పట్టిక మొత్తాన్ని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతోంది.

జాబును రద్దు చేశాం. రోల్‌బ్యాక్ అయ్యేదాకా గంటన్నర గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాం. ప్యాకేజీ పాత కాపీకి మారదామని స్విచ్ ప్రీవియస్ ఆదేశం ఇస్తే పాత కాపీయే లేదు! డైరెక్టరీలో చోటు కలిసివస్తుందని పాత కాపీలను దాచే ప్లాన్ మేనేజ్‌మెంట్‌ను ఎప్పుడో ఎవరో ఆఫ్ చేసి పెట్టారు. ఆ పట్టికకు గణాంకాలు సేకరించే రన్‌స్టాట్స్ నడిపి అప్పటికి పదకొండు నెలలు. మళ్లీ నడిపి రీబైండ్ చేస్తే "ఐ" వచ్చింది. ఆ "ఐ" అక్షరాన్ని చూసి అంత సంతోషించిన రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు.

క్లౌడ్‌వైపు:
నేను చెప్పేదీ అదే కదా. ఈ సంతోషం మాకు వద్దు.

పాతకాపు:
బాబూ, ఆ జాబును పడగొట్టింది 12 అంటారా? పదకొండు నెలల పాత గణాంకాలు పెట్టుకుని, వెనక్కి వచ్చే దారి తామే మూసేసుకున్నారు. వెర్షన్ మార్చకపోయినా ఏదో ఒక రాత్రి ఎవరో ఆ ప్యాకేజీని రీబైండ్ చేసేవారు, ఇదే జరిగేది. ప్లాన్ మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెండెడ్‌లో ఉంచి, ఏపీరీయూజ్ ఎర్రర్ పెట్టి రీబైండ్ చేయండి. పాత యాక్సెస్ పాత్ (డేటాను చేరే దారి) నిలబెట్టలేని ప్యాకేజీ దానంతట అదే ఆగిపోతుంది, పాతదే నడుస్తుంది. అలా ఆగినవాటిని తీరిగ్గా ఒక్కొక్కటీ చూసుకోవచ్చు.

ఇంకొకటి. క్లౌడ్‌కు డేటా తీసుకెళ్లేవాళ్లకూ ఈ పనంతా కావాలి. ఏ ప్యాకేజీ బతికుందో, ఏది చచ్చిందో తెలియకుండా ఏం మారుస్తారు?

క్లౌడ్‌వైపు:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. లెక్క తీయడం, రీబైండ్ చేయడం వరకు సరే. లెవెల్ 500 దగ్గరకు మాత్రం వెళ్లవద్దనే ఇప్పటికీ అంటాను. 100లో ఆగితే మద్దతూ ఉంటుంది, వెనక దారీ ఉంటుంది.

ఆదివారం_డ్యూటీ:
నెల రోజులు ఆగండి, మూడేళ్లు ఆగకండి. 100 నడవలో నిలబడే చోటు, కాపురం పెట్టే చోటు కాదు.

పచ్చతెర:
రెండు రోజులు క్యాటలాగ్‌తో కూర్చున్నాను. మొత్తం 2,300 చిల్లర ప్యాకేజీలు. 18 నెలల్లో వాడినవి, డీబీ2 10 కాలంలోనే బైండ్ అయి అలాగే ఉండిపోయినవి 412. ఇవి రీబైండ్ కావాలి, అది తేలిపోయింది.

అదే కాలం నాటి, వాడని గుంపులో మాత్రం ఒకటి దొరికింది. దాని చివరి వాడకం తేదీ 2024 ఫిబ్రవరి 29. లీపు సంవత్సరంలో ఒక్క రోజు నడిచే ప్రీమియం సర్దుబాటు. ఇప్పటికి 19 నెలలు దాటింది కాబట్టి 510 తనిఖీ దీన్ని పట్టించుకోదు. ఎవరూ చూడకుండా 13కు వెళ్లిపోతే, 2028 ఫిబ్రవరి 29 రాత్రి ఇది ఆటోబైండ్ అవుతుంది, అంటే ఎవరూ చెప్పకుండానే తనంతట తాను రీబైండ్ అవుతుంది. పాత దారే పట్టుకుంటుందన్న హామీ లేదు. మా మేనేజర్ల లెక్కలోనే మెయిన్‌ఫ్రేమ్ మూతపడేది 2028 చివర్లో.

క్లౌడ్‌వైపు:
దాన్నీ కలిపి రీబైండ్ చేసేయండి. సోర్సు ఉందా?

పాతకాపు:
రీబైండ్‌కు సోర్సు అక్కర్లేదు. క్లౌడ్‌కు మార్చడానికి కావాలి.

పచ్చతెర:
వెతికాం. యంత్రం నడిపే లోడ్ మాడ్యూల్ ఉంది, మనిషి రాసిన సోర్సు లేదు.