వైజాగ్ నుంచి డాలస్: దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు?

సీతమ్మధార_వాసి:
అమ్మానాన్నలకి జనవరిలో డాలస్ టికెట్లు తీయాలి. ఒక సైట్లో దూరం 14,400 కి.మీ., 16 గంటల ప్రయాణం అని ఉంది. టికెట్ల సైట్లో చూస్తే 30 గంటల పైమాటే. ఏది నమ్మాలి? హైదరాబాద్ దాకా విడిగా తీస్తే చవగ్గా వస్తోంది, అలా తీయొచ్చా?

పటం_పిచ్చి:
రెండూ నిజమేనండీ. మొదటిది భూగోళం మీద అతి దగ్గర దారి. ఈ రెండు ఊళ్లకీ ఆ లెక్క చేత్తోనే వేసేయొచ్చు. వైజాగ్ రేఖాంశం తూర్పు 83.2, డాలస్‌ది పశ్చిమ 97.0. కలిపితే దాదాపు 180, అంటే భూమికి అవతలి వైపు గీత. కాబట్టి దగ్గర దారి అటు తూర్పూ కాదు, ఇటు పడమరా కాదు. తిన్నగా ఉత్తరానికి నేపాల్, టిబెట్, సైబీరియా మీదుగా ధ్రువం దాటి కెనడా మీంచి కిందికి దిగాలి. 180లోంచి రెండు అక్షాంశాలూ (17.7, 32.9) తీసేస్తే 129.4 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. పైచిలుకు కాబట్టి 14,400 వస్తుంది. గంటకి 900 చొప్పున 16 గంటలు. కాకపోతే ఆ దారిన వైజాగ్ నుంచి విమానమే లేదు.

శంషాబాద్_ట్రాన్సిట్:
దుబాయ్ మీదుగా వెళ్తే వైజాగ్–హైదరాబాద్ 510 కి.మీ., హైదరాబాద్–దుబాయ్ 2,550, దుబాయ్–డాలస్ 12,900. మొత్తం 16,000 లోపే. చుట్టు తిరుగుడు అనుకుంటాం గానీ పెరిగేది పదకొండు శాతమే. గాల్లో ఉండేది గంటంబావు, నాలుగు, పదహారు, వెరసి 21 గంటల పైన. మిగతాదంతా ఎయిర్‌పోర్టుల్లో కూర్చోవడమే.

విడి టికెట్ పెద్దవాళ్లకి వద్దు. దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే చెకిన్, అమెరికా టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తుంటారు. తేడాకి కిలో లెక్కన కట్టాలి. పైగా హైదరాబాద్‌లో సామాను తీసుకుని బయటికొచ్చి మళ్లీ చెకిన్ చేయాలి. వైజాగ్ విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు. తప్పదంటే మధ్యలో కనీసం ఆరు గంటలు ఉంచండి. తుపాను రోజులైతే ముందురోజే హైదరాబాద్ చేరాలి.

సీతమ్మధార_వాసి:
ఒకే పీఎన్నార్ మీద ఒకటి దొరికింది. 5న రాత్రి 8కి వైజాగ్‌లో బయల్దేరి, 6న మధ్యాహ్నం 3:30కి డాలస్. పంతొమ్మిదిన్నర గంటలేనా?

పటం_పిచ్చి:
కాదండీ. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. జనవరిలో డాలస్ మనకంటే 11:30 వెనక. అక్కడి 3:30 అంటే మనకి 7వ తారీఖు తెల్లారుజామున 3. మొత్తం 31 గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా 10:30కి తగ్గుతుంది. తిరుగు ప్రయాణానికి ఇది చూసుకోండి.

శంషాబాద్_ట్రాన్సిట్:
ఆ టికెట్ కొనేయండి. ఇంకోటి, ఢిల్లీ–న్యూయార్క్–డాలస్ లాంటిది చవగ్గా కనిపించినా ఆగండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ అవ్వాలి, సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. దుబాయ్ లేదా దోహా నుంచి నేరుగా డాలస్ అయితే అదంతా చివర్లో ఒక్కసారే. వైజాగ్ కౌంటర్లో పెట్టెల ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఎయిర్‌పోర్టు కోడ్) అని ఉందో లేదో చూసుకోమనండి. వీల్‌చైర్ 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పాలి, ప్రతి విమానానికీ నమోదైందో లేదో విడిగా అడగండి.