వైజాగ్‌లో శని, ఆది, సోమ: మోకాళ్ల నొప్పులున్న అమ్మ, తొమ్మిదేళ్ల బాబుతో ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న – కరీంనగర్ బాటసారి

వచ్చే నెలలో ఒక శనివారం పొద్దున ఆరింటికల్లా విశాఖపట్నం స్టేషన్లో దిగుతాం. సోమవారం రాత్రి దువ్వాడలో తిరుగు రైలు. మేమిద్దరం, బాబు, అమ్మ. అమ్మకు మెట్లు ఎక్కువైతే కష్టం. రూమ్ ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్ దగ్గరే తీసుకున్నాం. బాబుకు సబ్‌మెరైన్, అమ్మకు సింహాచలం, మాకు అరకు. దాంతోపాటు మంచి చేపల భోజనం. ఆదివారం అరకు, సోమవారం సబ్‌మెరైన్ అనుకుంటున్నాం. కుదురుతుందా?

జవాబు – లాసన్స్‌బే

కుదరదండీ. కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, జూ పార్కు, మూడింటికీ సోమవారం సెలవు. అందుకని వరస మార్చండి: సబ్‌మెరైన్ శనివారం, సింహాచలం సోమవారం. శని, ఆదివారాల్లో కొండ మీద జనం బాగా ఉంటారు. సోమవారమైతే అమ్మ క్యూలో నిలబడే బాధ తగ్గుతుంది.

శనివారం టిఫిన్ చేసి కాసేపు నడుం వాల్చి, పదింటికి కైలాసగిరి వెళ్లండి. కారు కొండపైదాకా వెళుతుంది కాబట్టి అమ్మకు ఇబ్బంది లేదు. బాబుకు రోప్‌వే, చిన్న రైలు ఉన్నాయి. ఇది మాత్రం ఆదివారం సాయంత్రానికి పెట్టుకోవద్దు. ఊరంతా అక్కడే ఉంటుంది, రోప్‌వే క్యూలోనే పొద్దుపోతుంది.

నాలుగు దాటాక ఆర్కే బీచ్. సముద్రం మనకు తూర్పున కాబట్టి సాయంత్రానికి ఎండ వెనక్కి పోతుంది. ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల దారి ఒక్క మనిషి పట్టేంతే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారం గుండా పోవాలి: ముందు ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, నడుం వంచి, తల కాచుకుంటూ రెండో కాలు లాక్కోవాలి. వెనక జనం వస్తూనే ఉంటారు, మధ్యలో తిరిగి రావడం కుదరదు. అందుకని అమ్మను లోపలికి తీసుకెళ్లవద్దు, ఒకరు ఆవిడతో బయట కూర్చోండి. లోపల వివరించేవాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. టార్పెడోలు ఎలా వదులుతారు, పెరిస్కోపు ఎలా పనిచేస్తుంది అని బాబుచేత అడిగించండి, ఓపిగ్గా చెబుతారు.

ఒక్క జాగ్రత్త: ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోవడం వరకే. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈతొచ్చినవాళ్లు కూడా పోయారు. బాబు నీళ్లలో ఆడాలంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్నచోట, మీరు చెయ్యి పట్టుకుని.

జవాబు – గోస్తనీ తీరం

అరకు ఈసారికి మానేయండి. అరకు వెళ్లే కిరండూల్ పాసింజర్ రైలు పొద్దున ఏడు లోపే కదులుతుంది, తిరిగొచ్చేసరికి రాత్రి. దానికోసం మొదటి రోజు అలసట తీరకముందే లేవాలి. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు ముందే అయిపోతాయి. ఆ దారిలోని బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, పైనుంచి నీళ్లు కారి జారుతుంటాయి. అమ్మ పైనే కూర్చుండిపోవాలి. అంతదూరం తీసుకెళ్లి ఆవిడను గుహ బయట కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఆదివారానికి భీమిలి రోడ్డు పెట్టుకోండి. అందరూ ఊళ్లోంచి ఒక్కోచోటా ఆగుతూ భీమిలి వెళతారు. మీరు తిరగేసి చేయండి: ఏడింటికి బయల్దేరి తిన్నగా భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్ చూసి, ఎండెక్కకముందే వెనక్కి నాలుగైదు కిలోమీటర్లలో ఎర్రమట్టి దిబ్బలకు రండి. పదైందంటే అక్కడ నీడ ఉండదు, ఇసుక కాలుతుంది. గాలి, వాన, సముద్రమట్టం హెచ్చుతగ్గులు వేల ఏళ్లుగా చేసిన దిబ్బలవి. అంచులెక్కితే ఇట్టే కూలుతాయి, బాబును వాననీరు కోసిన గెడ్డల్లో అడుగునే నడిపించండి. అమ్మకు ఇసుకలో నడక కష్టమైతే రోడ్డు పక్క నుంచే చూడొచ్చు. తర్వాత తొట్లకొండ. బౌద్ధ స్తూపం, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. పైదాకా బండి పోతుంది. మధ్యాహ్నం రుషికొండలో భోజనం చేసి, మూడింటికల్లా ఊళ్లోకి వచ్చేయండి. ఆ తర్వాత ఎదురొచ్చే ట్రాఫిక్ మొదలవుతుంది.

900కె బస్సు భీమిలి వెళుతుంది, కానీ ఇన్నిచోట్ల దిగి ఎక్కాలంటే అమ్మతో కాదు. సగం రోజుకు కారు మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు యాప్‌లో బుక్ చేసి, వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుంటే భీమిలిలో బండి దొరక్క నిలబడాలి.

జవాబు – పూర్ణామార్కెట్

తిండి సంగతి నేను చెబుతాను. కాంప్లెక్స్ దగ్గరంటే ద్వారకానగర్ పక్కనే, టిఫిన్‌కు సాయిరామ్ పార్లర్ నడిచేదూరం. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి. తొమ్మిది దాటితే నిలబడాల్సిందే. శనివారం మధ్యాహ్నం ఆంధ్రా భోజనానికి దసపల్లా వారి ధరణి.

చేపకు ఒకటే సూత్రం: మెనూ చూసి అడక్కండి, “ఇవాళ ఏం వచ్చింది?” అని అడగండి. వంజరం, చందువ ముక్క వేపుడుకు బాగుంటాయి. పులుసుకైతే పండుగప్ప. నెత్తళ్లు వేపితే బాబు ముల్లుతో సహా కరకరా నమిలేస్తాడు. పెద్ద చేప, పీత తూకం మీద ఇస్తారు, కాబట్టి వండకముందే బరువూ ధరా చెప్పించుకోండి. బిల్లు దగ్గర గొడవలన్నీ ఇది అడక్కపోవడం వల్లే.

మీరు ఏ నెలో రాయలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. అప్పుడు పెద్ద వంజరం ఐస్‌లో దాచినదే ఎక్కువ, ధర కూడా మండుతుంది. ఆ రోజుల్లో వస్తే చిన్న తెప్పలవాళ్లు ఒడ్డు దగ్గర పట్టే చిన్న చేపలు, చెరువు రొయ్యలు తినండి.

బీచ్‌లో మురీ మిక్చర్ వదలొద్దు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగలు, కారం, కొత్తిమీర వేసి, చివర్లో నిమ్మకాయ పిండి గిన్నెలో గలగలా కలిపి పొట్లం కడతారు. నిమ్మరసం పడ్డ రెండు నిమిషాలకే మెత్తబడిపోతుంది, అందుకని నలుగురికీ ఒకేసారి కట్టించకండి. ఒకటి అయ్యాక ఇంకొకటి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. అరకు మానేశాం. మాది నవంబరు. సింహాచలంలో అమ్మ మెట్లు ఎక్కాల్సి వస్తుందా? ఇంటికి తీసుకెళ్లడానికి ఏం కొనాలి?

జవాబు – లాసన్స్‌బే

కింది నుంచి మెట్లదారి ఉంది గానీ అవసరం లేదు. ఘాట్ రోడ్డులో దేవస్థానం బస్సులు కొండపైకి తిరుగుతాయి. ఊళ్లోంచి 28 నంబరు బస్సు కొండ దిగువకు వస్తుంది. పైన గుడి దగ్గర కొద్ది మెట్లు తప్పవు, చేతికర్ర ఉంటే తెచ్చుకోండి. స్వామి ఏడాది పొడవునా చందనంలోనే ఉంటారు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఈ మాట అమ్మకు ముందే చెప్పండి, విగ్రహం కనబడలేదని నొచ్చుకోకుండా. గుళ్లోని కప్పస్తంభాన్ని కౌగిలించుకోవడం మాత్రం మరిచిపోవద్దు.

ఓపికుంటే దిగాక పాతబస్తీలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి. అమ్మవారికి ఎవరి చేత్తో వాళ్లే పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. నవంబరు చివర్లోనో డిసెంబరులోనో మార్గశిరం మొదలవుతుంది, అప్పుడు గురువారాలు విపరీతమైన రద్దీ. మీది సోమవారం కాబట్టి కొంత నయం.

జవాబు – పూర్ణామార్కెట్

మాడుగుల హల్వా కొనండి. గోధుమపాలు, పంచదార, నెయ్యితో చేసేది, బయట పెట్టినా పాడవదు. డబ్బా మీద చేసిన తేదీ చూసి తీసుకోండి.

దువ్వాడ రైలంటున్నారు కాబట్టి ఇంకో మాట. అది విశాఖ స్టేషన్‌కు రాని రైలై ఉంటుంది, టికెట్ మీద చూసుకోండి. కాంప్లెక్స్ నుంచి ఎన్‌ఏడీ కూడలి, గాజువాక దాటి పోవాలి, సాయంత్రం అక్కడ బండ్లు కదలవు. రైలు టైముకు రెండు గంటల ముందే రూమ్ ఖాళీ చేసి బయల్దేరండి. రాత్రికి పులిహోర పొట్లం కట్టించుకుంటే స్టేషన్లో వెతుక్కోనక్కర్లేదు.