పాత గ్యాస్ బావి ‘దగ్గుతుంటే’ గ్యాస్ అయిపోయినట్లేనా?

ప్రశ్న (గుంటూరు, డిప్లొమా విద్యార్థి):
నమస్కారం. కైకలూరు దగ్గర మా మేనమామగారి ఊళ్ళో చేపల చెరువుల మధ్య కంచె వేసిన గ్యాస్ బావి ఒకటి ఉంది. ఒకప్పుడు బాగా వచ్చేదనీ, ఇప్పుడు దగ్గుతోందనీ అక్కడి కాపలాదారు గారు అన్నారు. బావి ఖాళీ అయినట్లేనా, లేక ఉన్న బావితోనే ఉత్పత్తి పెంచే వీలుందా? సెమినార్‌కు ఈ అంశమే తీసుకున్నాను.

జవాబు 1 (విజయవాడ, విశ్రాంత ఫీల్డు ఇంజనీరు):
ఆ ‘దగ్గు’ అనే మాట ఊరికే పుట్టలేదండీ. గ్యాస్ కాసేపు ఆగి, నీటిని ఒక్కసారిగా ఎగదన్ని, మళ్ళీ ఆగుతుంటే మేము లిక్విడ్ లోడింగ్ అంటాం. బావి కొత్తగా ఉన్నప్పుడు గ్యాస్ వేగంగా ఎగసి నీటి తుంపరలనూ, గ్యాస్‌తో పాటు వచ్చే తేలికపాటి ద్రవ ఇంధనమైన కండెన్సేట్‌నూ తనతో మోసుకుపోతుంది. భూగర్భ ఒత్తిడి తగ్గి ఆ వేగం ఒక హద్దు కిందికి దిగితే అవి ట్యూబింగ్ (గ్యాస్ పైకి వచ్చే లోపలి గొట్టం) గోడ వెంట జారి అడుగున చేరతాయి. ఆ హద్దును లెక్కగట్టే సూత్రం 1969లో టర్నర్ బృందం ఇచ్చింది. అడుగున 1,000 మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే దాదాపు 100 బార్ల ఒత్తిడి గ్యాస్ ఉన్న రాతిపొరను నొక్కుతుంది, గ్యాస్ ఉండి కూడా పైకి రాలేదు.

ముందు ట్యూబింగ్, కేసింగ్ (దాని చుట్టూ ఉండే బయటి గొట్టం) ఒత్తిళ్ళను కొన్ని వారాలు పక్కపక్కన రాయాలి. తేడా పెరుగుతుంటే నీరు చేరుతున్నట్లే. వైద్యం ఆ తరువాత. కొవ్వొత్తుల్లాంటి సబ్బు కడ్డీలను, బావి పైభాగాన వాల్వులుండే వెల్‌హెడ్ మీది లాంచర్‌లో పెట్టి, మూత బిగించాకే కింది వాల్వు తెరిచి జారవిడుస్తారు. బావిని కొన్ని గంటలు మూసి ఉంచి తెరిస్తే నీరు నురగై గ్యాస్‌తో పైకి వస్తుంది. చవకైన పనే, కానీ కండెన్సేట్ ఎక్కువైతే నురగ సరిగా పట్టదు. అప్పుడు ట్యూబింగ్‌లోకి సన్నటి గొట్టం దించి వేగం పెంచాలి, లేదా కంప్రెసర్‌తో వెల్‌హెడ్ ఒత్తిడి తగ్గించాలి.

జవాబు 2 (విజయవాడ, రిజర్వాయర్ పాఠాలు చెప్పేవారు):
ఒక సవరణ. కేసింగ్ ఒత్తిడి లెక్క ప్యాకర్ లేని బావులకే పనికొస్తుంది. ప్యాకర్ అనే బిరడా ట్యూబింగ్, కేసింగ్‌ల మధ్య దారి మూసేస్తుంది. ఇంకో సంగతి, సబ్బు గొట్టంలోని నీటికి మందు గాని, పొరలోకే చొరబడుతున్న నీటికి కాదు. ఉదాహరణకు, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని సముద్రపు గ్యాస్ బ్లాకు కేజీ డీ6లో ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆపైన ఒత్తిడి పడిపోయి, నీరూ ఇసుకా చేరి, అందులోని డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ బ్లాకు మళ్ళీ కోలుకున్నది అదే ఏడాది డిసెంబరులో ఆర్ క్లస్టర్ అనే కొత్త క్షేత్రం మొదలయ్యాకే.

విద్యార్థి:
ధన్యవాదాలండీ. పారదర్శక గొట్టంలో గాలి, నీటితో దీన్ని చూపించవచ్చా? అక్వేరియం పంపు ఉంది.

జవాబు 1:
ఆ పంపు గాలి చాలదు. అరంగుళం గొట్టం తీసుకుని పంక్చర్ షాపు కంప్రెసర్‌కు తగిలించండి. గాలి వాల్వు మెల్లగా తగ్గిస్తూ పోతే, పైకి ఎగిరే తుంపరలు ఒక దశలో వెనుదిరిగి గోడ వెంట జారడం వెనక బెంచీ వాళ్ళకు కూడా కనిపిస్తుంది.